మేస్త్రి గారు బాగుందన్న కారు

ఆ కారును నేను మొదటిసారి చూడటానికి కారణం వాన. ద్రాక్షారామంలో భీమేశ్వరస్వామి దర్శనం చేసుకుని నేనూ నా భార్యా స్కూటరు మీద రాజమండ్రి బయలుదేరాం. మూడు మైళ్ళు వచ్చామో లేదో వాన దంచి కొట్టింది. రోడ్డు పక్కన రైసుమిల్లు కనిపిస్తే దాని వసారాలోకి పరిగెత్తాం. మిల్లు యజమాని మర్యాదస్థుడు. లోపలికి పిలిచి కుర్చీలు వేయించాడు, టీ తెప్పించాడు. మాటల్లో నేను కాలేజీలో ఫిజిక్స్ చెబుతానని తెలిసేసరికి, "అయితే మీకు మా అన్నయ్య కారు చూపించాలండి" అంటూ గోదాములోకి తీసుకెళ్ళాడు.

ధాన్యం బస్తాల వెనక, టార్పాలిన్ కింద ఉంది. టార్పాలిన్ లాగితే తవుడు పొడి లేచి మాకు తుమ్ములొచ్చాయి. ఇద్దరే కూర్చోగల ఓపెన్ స్పోర్ట్స్ కారు. పొడుగాటి ముక్కు, గుండ్రటి లైట్లు, సైకిలు చక్రాలకుండేలాంటి చువ్వల చక్రాలు. ఎప్పుడో ఒక ఇంగ్లీషు దొర తన దేశం వెళ్ళిపోతూ అమ్మితే వీళ్ళ అన్నగారు కొన్నారట. అన్నగారు పోయి ఆరేళ్ళు. నెలకోసారి స్టార్ట్ చేసి ఆపెయ్యడమే గాని రోడ్డెక్కించినవాళ్ళు లేరు.

"ఎవరైనా ఇష్టపడి తీసుకుంటే ఇచ్చేద్దామనుందండి" అన్నాడాయన.

నా భార్య నా మొహం చూసింది. "ఇద్దరు కూర్చునే కారేంటండీ? మనం నలుగురం" అంది మెల్లిగా.

"పిల్లలు చిన్నవాళ్ళేగా, మధ్యలో పడతారు" అన్నాను. అంటే అప్పటికే కొనేశానన్నమాట, మనసులో.

కానీ నేను మరీ తెలివితక్కువవాణ్ణి కాదు. మిల్లు యజమానితో, "మా మేస్త్రి గారు వచ్చి చూడాలండి. ఆయన బాగుందంటే తీసుకుంటాను" అన్నాను.

మేస్త్రి గారంటే మా మెకానిక్. ఆయన షెడ్డు గోదావరి స్టేషను వైపు ఉండేది. చిన్నప్పుడు మిలిటరీ వర్క్‌షాపులో పని నేర్చుకున్నారు. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద. నన్ను 'మాస్టారూ' అనేవారు. ఉద్యోగంలో చేరి స్కూటరు కొన్న ఏడాది పరిచయమయ్యారు. అప్పటినుంచి ఆ స్కూటరు మీద ఇంకొకరి చెయ్యి పడలేదు. మా పెద్దమ్మాయి పుట్టిన రోజున, నొప్పులు మొదలయ్యాక జోరువానలో రిక్షాలు దొరక్క నేను గుమ్మంలో నిలబడి ఏడుపు మొహం పెడితే, రిపేరుకొచ్చిన టాక్సీ తీసుకుని మోకాలి లోతు నీళ్ళలో మా ఇంటికొచ్చి నా భార్యని ఆస్పత్రికి చేర్చింది ఆయనే. ఆ టాక్సీకి అప్పటికి బ్రేకులు సరిగా లేవని తర్వాత చెప్పి నవ్వారు.

ఆయన పేరంతా ఆయన చెవిదే. వీధి మలుపులో బండి వస్తుంటే చేస్తున్న పని లోంచి తల ఎత్తకుండానే దాని జబ్బు చెప్పేసేవారు. ఒకసారి నేను పలకరించి వెళ్దామని షెడ్డు ముందు ఆగితే, నమస్కారం కంటే ముందు "క్లచ్ ప్లేట్లు అయిపోయాయండి మాస్టారూ, వచ్చే వారం తీసుకురండి" అన్నారు. కాకినాడ నుంచి కూడా వచ్చేవాళ్ళు ఆయన దగ్గరికి, పాత కారు కొనేముందు ఆయనకి వినిపించుకోవడానికి. చూపించుకోవడానికి అనేవారు కాదు, వినిపించుకోవడానికి అనేవారు.

అయితే ఆ రెండేళ్ళుగా ఆయనలో కొంచెం తేడా వచ్చింది. షెడ్డు ముందు నిలబడి పిలిస్తే పలికేవారు కాదు. ఎదురుగా వెళ్ళి నిలబడితే తప్ప చూసేవారు కాదు. నాలాంటి పాతవాళ్ళం, పేరొచ్చేసరికి మేస్త్రికి పొగరెక్కిందని అనుకున్నాం. నేనూ అనుకున్నాను. ఒకటి రెండుసార్లు పైకి అన్నాను కూడా.

కారు చూడటానికి రావాలని అడిగితే ఆయన వెంటనే ఒప్పుకోలేదు. "ఇంగ్లీషు బండి కదండి, నేను ఆ రకం ముట్టుకుని చాలా ఏళ్ళయిందండి" అన్నారు. "మీరు కాకపోతే ఇంకెవరు చూస్తారండి?" అన్నాను. చాలాసేపు స్పానరు తుడిచి, "సరేనండి" అన్నారు.

ఒక ఆదివారం పొద్దున్నే బస్సెక్కాం. ఆదివారం ఆయన చర్చికి వెళ్తారని గుర్తొచ్చి అడిగితే, "ఈ మధ్య వెళ్ళట్లేదండి" అని కిటికీ వైపు తిరిగిపోయారు. లూథరన్ చర్చి పాటల బృందంలో ముప్పై ఏళ్ళు పాడిన మనిషి. నేను తిరిగి ప్రశ్న వెయ్యలేదు. ఒళ్ళో పనిముట్ల సంచి పెట్టుకుని ఆయనా, కారు గురించి ఊహల్లో నేనూ, మిల్లు దాకా వెళ్ళాం.

మిల్లువాళ్ళు కారుని అప్పటికే పెరట్లోకి తోసి కడిగి ఉంచారు. ఎండలో ముదురు ఎరుపు రంగు బయటపడింది.

ఆయన ఎలా చూశారో ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. ముందు చుట్టూ ఒకసారి నడిచారు. కింద పడుకుని ఫ్రేము పొడుగునా బొటనవేలితో నొక్కుకుంటూ వచ్చారు. తలుపుల లోపలి చెక్క ఫ్రేముని సూదిమొనతో పొడిచి, "చెదలు లేదండి, చెక్క గట్టిగా ఉంది" అన్నారు. రేడియేటరు నీళ్ళు అరచేతిలో పోసుకుని వాసన చూశారు. ఆయిలుని రెండు వేళ్ళ మధ్య రాసి ఎండకి పట్టి చూశారు. "ఆయిలు ఈ మధ్యనే మార్చారండి. కొత్త ఆయిలు ఏమీ చెప్పదు" అన్నారు. ప్లగ్గులు ఊడదీసి, ఒక్కొక్క కన్నం మీద బొటనవేలు అదిమి, నన్ను ముందున్న హ్యాండిలు తిప్పమన్నారు. లోపలి గాలి ఆయన వేలిని నెట్టే తీరు చూసి, "నాలుగు సిలిండర్లూ సమానంగా ఉన్నాయండి" అన్నారు. గంటన్నరసేపు ఆ కళ్ళూ ఆ వేళ్ళూ చేసిన పని చూస్తే, ఒక మనిషికి ఇంత తెలుస్తుందా అనిపించింది.

తర్వాత ఇంజను స్టార్ట్ చేశారు. రెండో తిప్పుకి అందుకుంది.

పక్కన మిల్లు ఆడుతోంది. దాని పెద్ద ఆయిలింజను దెబ్బకి పెరట్లో నేలంతా అదురుతోంది. మేస్త్రి గారు మిల్లు యజమానిని, "ఒక్క అరగంట మిల్లు ఆపిస్తారాండీ?" అని అడిగారు. ధాన్యం బళ్ళు వరసకట్టి ఉన్నాయని, ఈ పూట కుదరదని ఆయన నొచ్చుకుంటూ చెప్పాడు. మేస్త్రి గారు పొడుగాటి స్క్రూడ్రైవరు తీసి, దాని మొన ఇంజనుకి ఆనించి, పిడిని చెవికి కాకుండా పళ్ళ మధ్య పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. వెనకటికి చెవికే పెట్టేవారు. ఇదేదో కొత్త పద్ధతి అనుకున్నాను.

నేను ఏటా పిల్లలకి ధ్వని పాఠం చెప్పేవాణ్ణి. ట్యూనింగ్ ఫోర్కు మోగించి దవడ ఎముకకి ఆనించమనేవాణ్ణి. చెవి దారి మూసుకున్నా శబ్దం ఎముక గుండా లోపలికి వెళ్తుందని, చెముడున్న కొందరికి అలా వినిపిస్తుందని బోర్డు మీద బొమ్మ వేసి చూపించేవాణ్ణి. అలాంటివాణ్ణి, ఆ మనిషికి రెండడుగుల దూరంలో నిలబడి చూస్తూ, ఏమీ గ్రహించలేదు. నా దృష్టంతా ఎర్ర కారు మీద ఉంది.

ఇంకొకటి కూడా చెప్పాలి. నేను బానెట్ మీదికి వంగినప్పుడు, ఇంజను లోపల ఎవరో వేలి కణుపుతో తలుపు కొడుతున్నట్టు ఒక చప్పుడు నాకు వినిపించింది. "ఆ టకటక ఏంటండీ?" అన్నాను. ఆయన పలకలేదు. భుజం తట్టి మళ్ళీ అడిగాను. ఆయన నా పెదాల వైపు చూసి, ఇంజను వైపు చూసి, "టాపెట్లండి. పాత ఇంజన్లకి మామూలే" అన్నారు.

"అయితే తీసుకోవచ్చాండీ?"

ఆయన నా మొహం చూశారు. ఆ మొహంలో ఏం కనిపించి ఉంటుందో నాకు తెలుసు.

"బాగుందండి మాస్టారూ" అన్నారు.

ఆ తర్వాత మూడు వారాలు నేను నేల మీద నడవలేదు. సాయంత్రాలు గోదావరి గట్టు మీద కారు నడిపేవాణ్ణి. పిల్లలిద్దరూ తల్లి ఒళ్ళో ఒకరు, గేరు పక్కన ఒకరు ఇరుక్కుని కేరింతలు కొట్టేవారు. చప్పుడు మాత్రం రోజురోజుకీ పెరిగింది. నా భార్య రెండుసార్లు అంది, "ఏదో కొట్టుకుంటోందండి" అని. "మేస్త్రి గారు చూశారుగా" అని నోరు మూయించాను.

నాలుగో ఆదివారం కోరుకొండ గుడికి బయలుదేరాం. కొండ కనిపిస్తుండగా ఆ టకటక సుత్తి దెబ్బల్లా మారింది. నేను కాలు తీసేలోగా ఏదో విరిగిన పెద్ద చప్పుడై, వెనక చక్రాలు బిగుసుకుపోయి, బండి రోడ్డుకి అడ్డంగా తిరిగి ఆగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. పిల్లలు బెదిరి ఏడ్చారు. వెనక వస్తున్న గుడి బస్సు ఆగి, అందులోని జనం కిటికీల్లోంచి చూశారు. వాళ్ళలో మా కాలేజీ కుర్రాళ్ళు కొందరున్నారు. భార్యాపిల్లల్ని తిరుగు బస్సెక్కించి, ట్రాక్టరు మాట్లాడి, తాడు కట్టించి, స్టీరింగు పట్టుకుని రాజమండ్రి దాకా దాని వెనక ఎండలో కూర్చున్నాను. అంతసేపూ కోపం పెంచుకుంటూ వచ్చాను.

షెడ్డు దగ్గర మేస్త్రి గారు ఎదురొచ్చారు. మొహం చూసే విషయం అర్థం చేసుకున్నారు. ఒక్క మాట అడక్కుండా గోనెపట్టా పరుచుకుని కారు కిందికి దూరి, ఆయిలు దింపి, అడుగు తొట్టి విప్పారు. బయటికొచ్చి నా ముందు అరచెయ్యి చాపారు. నల్లటి ఆయిల్లో మెరుస్తున్న లోహపు రజను, రెండు విరిగిన ముక్కలు.

"రాడ్డు బేరింగు పొడైపోయిందండి మాస్టారూ. ఇది ఇవాళ్టిది కాదు. మనం చూసిన రోజు కూడా కొట్టుకుంటూనే ఉండుంటుంది."

ఆ మాట ఆయనే అన్నారు. దాచాలనుకుంటే దాచగలిగేవారు. నాకేం తెలుస్తుంది? అది చెప్పి, చేతులు కడుక్కోవడానికి కిరసనాయిలు డబ్బా వైపు తిరిగారు.

ఆయన వీపుతో అన్నాను. "అంతలా కొట్టుకుంటుంటే మీకు వినపడలేదా మేస్త్రి గారూ? వినపడకుండా ఉండటానికి మిల్లువాళ్ళేమైనా ఇచ్చారా?"

పక్క షెడ్డులో వెల్డింగు చేసేవాడు పని ఆపాడు. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు టాక్సీ డ్రైవర్లు తలలు తిప్పారు. మేస్త్రి గారు మాత్రం తాపీగా వేళ్ళ సందులు రుద్దుకుంటున్నారు.

ఆయనకి ఆ మాట చేరలేదు. అప్పటికి ఏమీ జరగలేదన్నమాటే. నేను అక్కడితో వెనుదిరిగి ఇంటికి వెళ్ళిపోయి ఉంటే, ఆ మాట ఆ కిరసనాయిలు వాసనలో కలిసిపోయేది. ఇన్నేళ్ళలో నేను ఎక్కువసార్లు తలుచుకున్నది ఆ రెండు మూడు క్షణాలనే.

వినపడనట్టు నటిస్తున్నాడనుకున్నాను. దగ్గరికెళ్ళి భుజం పట్టి నా వైపు తిప్పుకున్నాను.

"నిన్నే అడుగుతున్నాను! నీకు వినపడలేదా? ఎంత తిన్నావు వాళ్ళ దగ్గర?"

పద్నాలుగేళ్ళలో ఆయన్ని నేను 'నువ్వు' అనడం అదే మొదలు.

ఈసారి వినపడింది. నా మొహం కూడా ఆయన మొహానికి ఎదురుగానే ఉంది. చేతులు గుడ్డతో తుడుచుకున్నారు. మళ్ళీ తుడుచుకున్నారు. తర్వాత, "నేను ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదండి మాస్టారూ" అని, పక్కనున్న పాత టైరు మీద కూర్చుండిపోయారు. అప్పటికీ 'అండి' అనే అన్నారు. నేను వచ్చేశాను.

మర్నాడు మధ్యాహ్నం ఆయన భార్య మా ఇంటికొచ్చింది. నేనెప్పుడూ ఆవిడతో నాలుగు మాటలు మాట్లాడింది లేదు. కూర్చోమంటే కూర్చోలేదు. గుమ్మంలో నిలబడే చెప్పింది.

"ఆయనకి చెవులు పోయాయండి. రెండేళ్ళు దాటింది. మిలిటరీలో ఉన్నప్పటినుంచీ కొంచెం ఉండేదంట, ఇప్పుడు పూర్తిగా పోతన్నాయండి. ఎవరికీ చెప్పొద్దన్నారు. మెకానిక్కి చెవి లేదని తెలిస్తే ఎవరొస్తారండి? చర్చిలో పాట తప్పుతున్నానని అక్కడికీ మానేశారు."

"మరి నాకైనా చెప్పొచ్చు కదమ్మా?" అన్నాను.

"మీకే చెప్పలేకపోయారండి. మీ బండి చూడటానికి వెళ్ళే ముందు రోజంతా అన్నం తినలేదు. రానంటే ఎందుకని అడుగుతారు, వెళ్తే తప్పు చెప్తానేమోనని. అక్కడ మిల్లు అదురుడికి ఏమీ తెలీలేదంటండి. ఇంకో రోజు వద్దామందామనుకున్నారంట. మీరు అంత సంతోషంగా ఉంటే నోరు రాలేదంట." కొంగుతో మొహం తుడుచుకుంది. "తప్పు ఆయనదేనండి. కాదనను. కానీ డబ్బు తిన్నాడంటే మాత్రం... ఆయన అలాంటి మనిషి కాదండి."

నా భార్య లోపల్నుంచి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. నేను చెప్పులేసుకుని షెడ్డుకి వెళ్ళాను. తలుపులు లోపల గడియ వేసి ఉన్నాయి. కొట్టాను. కొడుతుండగా గుర్తొచ్చింది, కొట్టి లాభం లేదని.

"పొద్దున్నుంచీ లోపలే ఉన్నారండి, మీ ఇంజను దించుతున్నారు" అన్నాడు వెల్డింగు అతను. "ఇంకే బండీ ముట్టుకోనన్నారు."

నెల్లాళ్ళు అలాగే. నేను వెళ్ళడం, తలుపు చూసి రావడం. ఒకసారి చీటీ రాసి తలుపు కింద నుంచి తొయ్యాలనుకున్నాను. ఆయనకి చదువు రాదని, పాటలు కూడా విని నేర్చుకున్నవేనని తెలిసి మానుకున్నాను. ఎవరిచేతనైనా చదివించుకోవలసిన చీటీలో ఏమని రాస్తాను?

నెల తర్వాత వెల్డింగు అతనే కారు నడుపుకుంటూ మా ఇంటి ముందు ఆపాడు. ఇంజను ఆడుతోందో లేదో చెవి పెడితే గాని తెలియనంత నెమ్మదిగా ఉంది. మద్రాసు నుంచి బేరింగులు తెప్పించి, ఒక్కొక్కటీ చేత్తో తడిమి చూసుకుంటూ కూర్చారట.

"కూలి తీసుకోవద్దన్నారండి" అన్నాడతను తాళం ఇస్తూ. "మేస్త్రి గారు షెడ్డు ఖాళీ చేసేశారు. పనిముట్లు నాకే ఇచ్చేసి, సామర్లకోటలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారండి."

నేను సామర్లకోట వెళ్ళడానికి నాలుగు నెలలు పట్టింది. పరీక్షలు, పేపర్లు అని చెప్పుకునేవాణ్ణి. నిజానికి ధైర్యం చాలలేదు. చివరికి ఒక రోజు రైలెక్కాను. స్టేషనుకి దగ్గర్లోనే పెంకుటిల్లు, వరసగా గోడలు కలిసిన ఇళ్ళు. ఆయన అరుగు మీద కూర్చుని మనవరాలికి పలక చెక్కలు బిగిస్తున్నారు. నన్ను చూసి గబగబా లేచారు. నవ్వారు. "మాస్టారూ! రండి రండి. అమ్మాయీ, కుర్చీ తే!" అని అరిచారు. ఇప్పుడు ఆయన గొంతు పెద్దదైపోయింది.

దగ్గరగా కూర్చుని, రైల్లో కూడబలుక్కున్న మాటలు మొదలుపెట్టాను. తలెత్తి చెప్పలేక నేల చూస్తూ చెప్పాను. ఆ రోజు అన్నది తప్పని, తెలియక అన్నానని, తెలిసినా అనకూడనిదని. చెప్పడం ముగించి తల ఎత్తేసరికి ఆయన చెవి నా వైపు పెట్టి, కళ్ళు చిట్లించి ఓపిగ్గా చూస్తున్నారు.

"కొంచెం గట్టిగా చెప్పండి మాస్టారూ. బండి ఏమైనా ఇబ్బంది పెడుతోందాండీ?"

నలుగురిలో ఆ నింద వెయ్యడానికి నాకు గొంతు ఎంత పెద్దగా లేచిందో! ఇప్పుడు లోపల ఆయన భార్యా కూతురూ ఉన్నారు, పక్కింటి వాళ్ళున్నారు. అలాంటి మాటని కేకేసి ఎలా చెప్పడమో నాకు తెలియలేదు. చెప్పాల్సింది. వీధి వీధంతా వినేలా చెప్పాల్సింది. "బండి బాగుందండీ! చాలా బాగుంది!" అని మాత్రం అరిచాను.

ఆయన మొహం విప్పారింది. "స్టార్టింగులో చోక్ ఎక్కువ లాగకండి" అన్నారు. తర్వాత పిల్లల చదువులు అడిగారు. నేను అరిచి జవాబులు చెప్పాను. వాళ్ళమ్మాయి పెట్టిన భోజనం తిన్నాను. స్టేషను దాకా వస్తానంటే వద్దన్నాను. అయినా వచ్చి, రైలు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడ్డారు.

మళ్ళీ వెళ్ళాలనే అనుకున్నాను. ఆ చలికాలం ఆయనకి రొమ్ము పట్టేసింది. మూడు రోజుల్లో పోయారు. వెల్డింగు అతను దారిలో కనబడి చెప్పేసరికి పదిహేను రోజులు గడిచిపోయాయి.

నేనూ నా భార్యా వెళ్ళాం. అల్లుడు సమాధుల తోటకి తీసుకెళ్ళి చూపించాడు. ఇంకా సిమెంటు చెయ్యలేదు, మట్టి దిబ్బే. నా భార్య బంతిపూలు పెట్టింది. తిరిగొచ్చాక మేస్త్రి గారి భార్య ఎదురుగా చాప మీద కూర్చున్నాను. ఆయనకి చెప్పలేకపోయినవన్నీ ఆవిడకి చెప్పాను, మామూలు గొంతుతో. సామర్లకోట వచ్చిన రోజు ఎందుకొచ్చానో కూడా చెప్పాను.

ఆవిడ చివరిదాకా విన్నది. కోపమేమీ లేదు మొహంలో.

"ఇది ఆయనకి చెప్పాల్సిందండి మాస్టారూ" అంది. "మీరెళ్ళాక అడిగారు నన్ను, మాస్టారు ఏదో అన్నారు నువ్వు విన్నావా అని. నేను లోపల పొయ్యి దగ్గరున్నాను. విన్లేదన్నాను."